పై అర

జాకీ రాడ్డు దెబ్బకి తలుపు అద్దం భళ్ళున రాలింది. లారీ డ్రైవరు ఆ కంతలోంచి చెయ్యి దూర్చి గడియ తీశాడు. మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చూసుకోలేదు. గాజు పెంకుల్ని బూట్లతో తొక్కుకుంటూ ల్యాబులోకి వచ్చి పడ్డాడు.

భోజనాల వేళ. లోపల ల్యాబ్ ఆవిడ ఒక్కతే ఉంది. తలకి గుడ్డ టోపీ, మూతికి మాస్కు, చేతులకి తొడుగులు.

"ఎక్కడే అది?" అన్నాడు.

"ఏదన్నా?"

"నా కూతురి గడ్డ. కోసి అవతల పారేశారనుకున్నా. ఇక్కడ దాచిపెట్టి మేపుతున్నారా?"

పొద్దున అతను వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే ఈవిడే ఫోన్లో ఎవరికో మురిసిపోతూ చెప్పడం విన్నాడు. "మన లారీ డ్రైవరుగారి పాప గడ్డ బ్రహ్మాండంగా ఉందండీ. కడుపునిండా తింటోంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత ఎదిగిందో!" అంది. గోడకి అటుపక్క వార్డులో అతని కూతురు పడుంది. పిచ్చుక అని పిలుస్తాడు. మందులకి జుట్టంతా రాలిపోయింది. నోరంతా పూసి గుక్కెడు నీళ్ళు దిగడం లేదు. పిల్లని పీక్కుతిన్న గడ్డ మాత్రం కడుపునిండా తింటోందట. అతను లేచి తిన్నగా లారీ దగ్గరికి వెళ్ళి రాడ్డు తెచ్చుకున్నాడు.

"అది మా మాట తీరన్నా," అంది ఆవిడ వెనక్కి జరుగుతూ. "కణాలకి ఆకలేసిందంటాం, అలిగాయంటాం. పొద్దస్తమానం వాటితోనే కదా మా కాపురం. కండలాగే మెత్తగా ఉండే జిగురు ఒకటి కొత్తగా వచ్చింది. గడ్డ ముక్కని అందులో పెడితే ఇంకా ఒంట్లోనే ఉన్నాననుకుని పెరుగుతుంది. మందులన్నీ దాని మీద వేసి చూస్తాం. ఏ మందుకి చస్తే ఆ మందు మనిషికి ఎక్కిస్తాం."

"చంపడానికి పెంచుతున్నారా? ఎవరికి చెబుతావే ఈ కబుర్లు? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?"

"నా మాట విను. గడ్డ కోసిన రోజు తీసిన ముక్క అది. మళ్ళీ తియ్యడానికి ఒంట్లో ఏం మిగల్లేదు. అది పోయిందా, ఆ మనిషికి ఏ మందు పనిచేస్తుందో ఇక ఎప్పటికీ తెలీదు."

రాడ్డు ఆవిడ భుజమ్మీద పడింది. ఆవిడ కేకపెట్టి కూలబడింది. కూలబడి కూడా అతని కాలు వాటేసుకుంది. విదిలించాడు. వదల్లేదు. మాస్కు కిందికి లాక్కుని పిక్క పట్టి కొరికింది. అతను బూతులు తిడుతూ జడ పట్టి ఈడుద్దామని మెడ వెనక చెయ్యి వేశాడు. జడ దొరకలేదు. ఆవిడ కోటు కాలరు పట్టుకుని తలని బల్ల అంచుకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. ఆవిడ పాక్కుంటూ వెళ్ళి మూలనున్న నిలువెత్తు పెట్టెకి వీపు ఆనించి నిలబడింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి అడ్డం పెట్టిన మణికట్టు పుటుక్కుమంది.

ఆవిణ్ణి పక్కకి నెట్టి పెట్టె తలుపు లాగాడు. లోపల్నుంచి ఒంటి వేడి మొహానికి కొట్టింది, జ్వరమొచ్చిన పిల్ల పక్కన పడుకున్నట్టు. పైన ఒక అర, కింద ఒక అర. వాటిలో గుంటల గుంటల పళ్ళేలు. వాటి మీద పేర్లు లేవు, అంకెలే.

"ఇందులో ఏది?"

ఆవిడ విరిగిన చేతిని పొట్టకి అదుముకుంది.

"చెప్పవా? అయితే పెట్టె మొత్తం పిండి చేస్తా!" రాడ్డు రెండు చేతులా ఎత్తాడు.

"ఆగన్నా!" ఆవిడ గొంతు కీచుమంది. "కిందవాటి జోలికి పోకు. నీలాంటి తండ్రులు కన్న పిల్లలవి అవి." ఆవిడ పై అర వంక చూసింది. "పైది. పై అరలో ఉన్న ఆ ఒక్క పళ్ళెం."

అతను దాన్ని లాగి నేలకేసి కొట్టాడు. గులాబీ రంగు నీళ్ళు గోడ దాకా చిందాయి. ముక్కల్ని రాడ్డుతో చితక్కొట్టాడు. జిగురుని మడమతో నూరాడు. "చావు! చావవే! నా బిడ్డని తింటావా!" అంటూ ఊపిరి అందనిదాకా తొక్కాడు. ఉమ్మేశాడు. తర్వాత ఆ తడిలోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాచ్‌మన్, వెనకాలే పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చారు. వాచ్‌మన్ అతన్ని బోర్లా పడేసి, డొక్కలో రెండు తన్ని, వీపు మీద మోకాలు పెట్టి అదిమాడు. డాక్టరు పెట్టెలోకి తొంగిచూసి కొయ్యబారిపోయాడు.

"పై అరలోది ఏమైంది?"

డ్రైవరు నెత్తురు పళ్ళతో నవ్వాడు. "చంపేశా డాక్టరుగారూ. ఇక నా పిచ్చుక బతుకుతుంది."

"మీ పిచ్చుకదా?" డాక్టరు అరిచాడు. "మీ పిచ్చుకది కింద అరలో ఉందిరా, దున్నపోతా! నిన్నటినుంచే ఒక మందుకి లొంగుతోంది. ఇంకో రెండు రోజులు ఆగితే తేలిపోతుంది!"

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. వాచ్‌మన్ మోకాలి కింద నుంచే మెడ తిప్పి ఆవిడ వంక చూశాడు.

"అబద్ధం చెప్పావా? మరి అదెవరిదే? ఎవరి ప్రాణం తీయించావే నాచేత?"

ఆవిడ గోడకి జారగిలబడి ఉంది. నుదుటి నెత్తురు కళ్ళలోకి దిగుతోంది. బాగున్న చేత్తో టోపీ లాగి దాంతోనే తుడుచుకుంది. ఆ తల మీద, పిచ్చుక తల మీదలాగే, ఒక్క వెంట్రుక లేదు.