కోడలి రక్తంలో కాడ్మియం

మా అత్తాకోడళ్ల రక్తపరీక్ష కాగితాలు పక్కపక్కన పెట్టుకుని డాక్టరమ్మ అడిగింది. "కాడ్మియం అని, పొగాకులో ఉండే విషలోహం కనిపించింది. మీ ఇద్దరిలో సిగరెట్లు కాల్చేదెవరు?"

"నేనే, నలభై ఏళ్లుగా. ఆ కాడ్మియమేదో నా ఒంట్లోనే వెతకండి. మా కోడలికి పొయ్యి పొగ తగిలినా దగ్గే."

"మీకు ఉండటం వింతేం కాదు. ఈ అమ్మాయికీ దాదాపు మీ అంతే ఉంది."

నా నోరు ఊరుకోదు కదా. "ఏమే, నా పెట్టెలోంచి కొట్టేస్తున్నావా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు దానికోసం ఆవురావురుమంటాయట. అది దొరక్క, తిండిలో ఉండే కాస్త కాడ్మియాన్నీ ఇనుమే అనుకుని లాగేసుకుంటాయట. పక్కన నా పొగ ఉండనే ఉంది. మూత్రపిండాల్లో చేరింది ఏళ్లు గడిచినా పోదట. ముప్పై ఆరేళ్లకే మా కోడలివి దెబ్బతినడం మొదలైంది.

"ఆర్నెల్లుగా ఇనుము మాత్రలు ఇస్తున్నాను కదమ్మా, వేసుకోవడం లేదా?"

కోడలు తలెత్తలేదు. "అత్తయ్యగారికి రక్తం లేక కళ్లు తిరుగుతున్నాయండీ. బలం మాత్రలని చెప్పి పొద్దున్నే ఆవిడకే వేస్తున్నాను."

నా కాగితంలో రక్తం నిండుగా ఉంది.

రక్తం లేదని కోడలితో అన్నది నేనే. సిగరెట్ల వల్లే కళ్లు తిరుగుతున్నాయని నాకు తెలుసు. చెబితే మానేయమంటుందని అలా అన్నాను.