అద్దె ఇంటి చెక్క నేల

“షీటు పరిచేయ్. రుద్దుడూ వద్దు, పాలిషూ వద్దు,” అన్నాడు భర్త.

“రుద్దండి,” అంది భార్య.

వడ్రంగి మిషన్ స్విచ్ మీద పెట్టిన వేలు మళ్ళీ తీశాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. అద్దెకిద్దామని కొన్న పాత ఇల్లు. తివాచీ పీకేసరికి అడుగున కట్టిననాటి చెక్క నేల బయటపడింది. గీతలూ మరకలూ ఉన్నా చెక్క గట్టిదే. రుద్ది పాలిష్ పెట్టించాలా, ప్లాస్టిక్ షీటు కప్పేయాలా అన్నది తేలక ఇల్లు ఖాళీగా పడి ఉంది. ఇద్దరూ ఆఫీసులకు సెలవు పెట్టి మరీ పోట్లాడుకుంటున్నారు.

“మనం కాపురం చెయ్యబోయే ఇల్లా ఇది? అద్దెకొచ్చేవాళ్ళకి ఇన్ని సోకులెందుకు?”

“వచ్చే ఆవిడకి చెక్క నేలే కావాలండీ.”

అద్దెకు మనిషిని చూడమని భార్యకు అప్పగించింది అతనే. తీరా చూస్తే ఆ మనిషి తరఫున వకాల్తా పుచ్చుకుని కూర్చుంది.

“పోనీ, తళతళలాడే పాలిష్ కొట్టిద్దాం. ఫోటోల్లో బాగుంటుంది.”

“మెరుపు ఆవిడకి పడదు. పడగ్గది ముందు అయిపోవాలి.”

“ఆర్డర్లు కూడానా? నువ్వు మెతకగా కనిపించేసరికి నెత్తికెక్కింది. ఎంతమంది ఉంటారు?”

“ఒక్కతే.”

“మొగుడు లేడా?”

“ఉన్నాడు. ఇక్కడికి రాడు.”

“ఎందుకొస్తాడు పాపం. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎవడు వేగుతాడు?”

వడ్రంగి నవ్వు దాచుకోవడానికి మిషన్ వైరు సర్దాడు. భార్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కిటికీ దగ్గర నిలబడింది. అది చూస్తే అతనికి ఇంకా మండింది. సొంతింట్లో కర్టెన్ల రంగు దగ్గర్నుంచి సోఫా దాకా అతను చెప్పిందే వేదం, ఆమె ఎన్నడూ నోరెత్తింది లేదు. ఎవరో ఉండబోయే కొంప కోసం ఈ పంతం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికి అంతుపట్టలేదు.

“మూణ్ణెల్లకే ఖాళీ చేసి పోతే? ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే.”

“పోదండీ. ఏళ్ళ తరబడి ఆలోచించుకుంది. ఒకసారి దిగితే ఇక కదలదు.”

“అద్దె సరిగ్గా ఇస్తుందా?”

“ఉద్యోగం ఉంది.”

అతనికి తలప్రాణం తోకకొచ్చింది. “కానివ్వవయ్యా, రుద్దు,” అని వడ్రంగికి చెయ్యి ఊపాడు.

మిషన్ రొద మొదలైంది. పొడి లేస్తుంటే మసిబారిన పైపొర కిందనుంచి తేనెరంగు చెక్క జానెడు జానెడుగా తేలుతోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆమె చూస్తూనే ఉంది. ఆ కళ్ళలో అంత తృప్తి అతను చూసి చాలా కాలమైంది. చిరాకు కాస్త తగ్గింది కూడా.

రొద భరించలేక ఇద్దరూ బయట మెట్ల మీదికి వచ్చారు.

“ఇంతకీ ఎవరా మహాతల్లి?” అన్నాడు.

“నేనేనండి.”