ఇంజినీరుగారు ఎంచిన ఇల్లు

“ఏదో ఒక ఇంటి ముందు ఆపవయ్యా,” అన్నాడు ఉమాపతి, ఆ మాట అప్పుడే తోచినట్టు.

డ్రైవరు కారును మూడో వీధిలోకి తిప్పి, నీలం తలుపుల ఇంటి ముందు ఆపాడు. ఎక్కడ ఆపాలో పొద్దున ఏలూరులో బయల్దేరేటప్పుడే అతనికి రెండుసార్లు చెప్పి ఉంచాడు మరి.

ఉమాపతి ఇళ్ళు కట్టించే ఆఫీసులో డిప్యూటీ ఇంజినీరు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. కలిదిండి దాటాక, చెరువుల మధ్య ఉన్న ఈ కాలనీ ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో దగ్గరుండి కట్టించింది. తుఫానుకు ఊరు ఊరంతా పడిపోతే, అందరికీ కలిపి వేసిన ఇళ్ళవి. ఇక్కడి ప్రభుత్వ ఇళ్ళు చూడడానికి వచ్చి, వెనక సీట్లో కూర్చున్న అతిథి తన రిపోర్టులో వీటి గురించి ఒక్క మంచి ముక్క రాస్తే, ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకోవాలని ఆయన ఆశ.

ఆ అతిథి పేరు క్యాథరిన్. ఐర్లండులో సెనేటరు. “మన శాసనమండలి లాంటిదేనండి అక్కడి సెనేట్,” అని చెప్పింది పక్కనే కూర్చున్న అలేఖ్య. ఆమె వట్లూరు కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరరు. ఆవేళ ఆవిడ మాట ఈయనకీ, ఈయన మాట ఆవిడకీ చేరవేయడానికి వచ్చింది.

దారి పొడుగునా క్యాథరిన్ తన ఉద్యోగాల కథ చెప్పింది. ఇరవై రెండేళ్ళప్పుడు అద్దెకుండేవాళ్ళ గోడు వినే ఆఫీసులో చేరిందట. ఆరేళ్ళపాటు చెమ్మపట్టిన గోడలు చూడడమే పని. ఆ తర్వాత ఇళ్ళ విధానం మీద పదకొండు రిపోర్టులు రాసింది. ఎవరూ చదవలేదు. వాటికోసమే ఎన్నికల్లో నిలబడి, రెండుసార్లు ఓడి, మూడోసారి గెలిచింది.

“మరిప్పుడు చదువుతున్నారాండీ?” అన్నాడు ఉమాపతి.

“లేదు. కానీ సభలో నేను పైకి చదువుతుంటే లేచి వెళ్ళిపోలేరు.”

“అంతేనాండీ మీ అధికారం?”

“ఇంకోటి ఉంది. మంత్రులు ‘త్వరలో’ అంటారు. నేను ‘ఏ తారీఖున’ అంటాను.”

ఉమాపతి మనసారా నవ్వాడు.

నీలం తలుపుల ఇంట్లో ఉండేది సుబ్బాయమ్మ. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఇల్లు బాగుందని నాలుగు మాటలు చెప్తే చాలని ముందురోజే ఉమాపతి ఆవిడకు ఫోన్ చేశాడు. “అలాగేనండి” అంది. ఇన్నేళ్ళలో ఆయన మాటకు ఆవిడ మరో జవాబు చెప్పి ఎరగదు. ఆయనుంటే కుర్చీలో కూర్చోదు, తలుపు చాటునుంచే మాట్లాడుతుంది. కాలనీ మొత్తం వెతికినా ఇంత నమ్మకమైన మనిషి దొరకదని ఆయన లెక్క.

“ఇల్లు ఎలా ఉందని అడుగుతున్నారండీ,” అంది అలేఖ్య.

“బాగుందమ్మా,” అంది సుబ్బాయమ్మ. ఉమాపతి మీసం సవరించుకున్నాడు. “ఎండాకాలం చాలా బాగుంటుంది. వానొస్తే మాత్రం లోపలా బయటా ఒకటే.”

అలేఖ్య దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పేసింది.

“అది అక్కర్లేదమ్మా,” అన్నాడు ఉమాపతి మెల్లగా.

“ఒక్క మాటా వదలొద్దన్నారండీ ఆవిడ.”

సుబ్బాయమ్మ తలుపు చాటునుంచి ఒక అడుగు ముందుకు వేసింది. “శ్లాబు పెచ్చులూడి అన్నంలో పడుతోందమ్మా. పోయిన వానాకాలం మంచం నాలుగు చోట్లకి మార్చాను.”

“ఏవండీ, ఆ సంగతులు ఇప్పుడెందుకండీ,” అన్నాడు ఉమాపతి.

“ఈయనకు ఎప్పుడూ చెప్పలేదా?” అని అడిగింది క్యాథరిన్.

“ఈయనకి చెప్పడానికి నాకు నోరు రాదమ్మా. ఈవిడంటే పరాయి దేశం మనిషి, చెప్పుకోవచ్చు. ఏడాదికి మూడు నాలుగుసార్లు వస్తారు ఈయన. అదిగో, ఆ మూల కుర్చీ వేస్తాను. అక్కడ కారదు. పులుసు బాగుందంటారు, వెళ్ళిపోతారు. ఒక్కసారి తలెత్తి పైకి చూడరు.”

“ఆఫీసులో అర్జీ పెట్టుకోవలసింది కదండీ,” అంది అలేఖ్య తనంతట తానే.

“ఆఫీసుకి వెళ్ళడమెందుకమ్మా, ఆఫీసే వచ్చి మా ఇంట్లో భోంచేస్తుంటే?”

గుమ్మం బయట చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. క్యాథరిన్ చెప్పులు విడిచి లోపలి గదిలోకి వెళ్ళి, గోడకు అరచెయ్యి ఆనించి తీసింది. చేతినిండా చెమ్మకు పొంగిన తెల్లటి ఉప్పు. ఆవిడ పైకి చూసింది. ఆవిడతోపాటు ఉమాపతి కూడా చూశాడు. శ్లాబులోంచి తుప్పుపట్టిన చువ్వలు బయటికొచ్చి ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్ళ కిందట ఆయన ఎండలో నిలబడి ఒక్కొక్కటీ చూసి వేయించిన చువ్వలే అవి.

“ఎప్పుడు బాగుచేయిస్తారు?” అంది క్యాథరిన్.

“త్వరలోనేనండి.”

క్యాథరిన్ పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని ఆయనకేసి చూస్తూ నిలబడింది.

“పదిహేనో తారీఖు,” అన్నాడు ఉమాపతి. “ఈ నెలేనండి.”

ఆవిడ రాసుకుంది. కింద ఆయనచేత సంతకం పెట్టించింది. సాక్షిగా సుబ్బాయమ్మచేత కూడా పెట్టించింది.

“వీధిలో మిగతా ఇళ్ళు కూడానని రాయమనమ్మా,” అంది సుబ్బాయమ్మ, పెన్ను తిరిగిస్తూ. అదీ రాశారు. ఆ పని కాగానే ఆవిడ కొంగు సర్దుకుని తలుపు చాటుకు వెళ్ళిపోయింది.

కారు దగ్గర క్యాథరిన్ ఉమాపతి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

“ఇరవై ఏళ్ళుగా ఏ దేశం వెళ్ళినా, నేర్పిపెట్టిన మాటలు చెప్పే ఇళ్ళకే నన్ను తీసుకెళ్ళారు. తనమీదే ఫిర్యాదు చేసే మనిషి దగ్గరకు తీసుకొచ్చిన ఆఫీసరు మీరొక్కరే. ఈ మాట రిపోర్టులో మొదటి పేజీలో రాస్తాను. మీరంటే బొత్తిగా భయం లేని అలాంటి మనిషి మీకెలా దొరికారు?”

అలేఖ్య ఆ మాటలన్నీ తెలుగులో చెప్పి, జవాబు కోసం ఆగింది. ఉమాపతి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“ఆవిడ మా అత్తగారండి.”