పద్నాలుగు రోజుల గండం

కుక్కపిల్ల మళ్ళీ నెత్తురు కక్కింది. ఈసారి మేస్త్రీ ఒళ్ళోనే.

అతను విసుక్కోలేదు. దాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, దవడ పక్క నుంచి వేలు దూర్చి, సిరంజితో మందునీళ్ళు బొట్టు బొట్టుగా పోశాడు. పిల్ల అతని బొటనవేలిని కసుక్కున కొరికింది. ఒళ్ళు పిడికెడు లేదు గానీ పౌరుషానికి మాత్రం తక్కువ లేదు.

"కొరకరా, కొరుకు. కొరికే ఓపికుంటే బతుకుతావ్," అన్నాడు.

జైల్లో కోళ్ళ షెడ్డుకి అడవిపిల్లుల బెడద ఎక్కువైందని, వారం కిందట సూపరింటెండెంటు గారే కుక్కల ఆశ్రమానికి వెళ్ళి దీన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. షెడ్డు పని మేస్త్రీది. కాబట్టి కుక్క పని కూడా అతని నెత్తినే పడింది. వచ్చిన మూడో రోజు నుంచి వాంతులు, నెత్తుటి విరేచనాలు. కోళ్ళకి కుక్క కాపలా అనుకుంటే కుక్కకే కోళ్ళు కాపలా కాస్తున్నాయని ఖైదీలంతా నవ్వుకున్నారు.

ఆ పొద్దున పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది.

"పేగుల జబ్బు. పద్నాలుగు రోజులు గండం. రెండు గంటలకోసారి మందు పడాల్సిందే."

"బయటికి తీసుకెళ్తే, అమ్మా?"

"కదిపితే దారిలోనే పోతుంది. ఇంకొకళ్ళకి అప్పగించినా అంతే. నేను పట్టిస్తే చుక్క మింగలేదు, చూశావుగా. నీ చేతికి అలవాటు పడిపోయింది."

ఆమె వెళ్ళాక మేస్త్రీ చాలాసేపు పిల్ల కడుపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. కడుపు కాలిపోతోంది. అతనికి భయం వేసింది. పదకొండేళ్ళ కిందట కట్టుబడి పని దగ్గర, తాగిన కోపంలో, ఒక్క గునపం దెబ్బతో తోటి కూలీని చంపి లోపలికొచ్చిన మనిషి. ఆ తర్వాత చీమక్కూడా అపకారం చెయ్యలేదు. దేనికీ ఇంతగా భయపడనూ లేదు.

మధ్యాహ్నం హాజరుకి ఖైదీలంతా ఆవరణలో బారులు తీరారు. సూపరింటెండెంటు గారు మెట్ల మీద నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నారు. మేస్త్రీ పక్కనే వంటశాల పహిల్వాన్. ఆ మనిషి గుమ్మంలో పట్టడు, నోరు ఊళ్ళో పట్టదు.

"ఏం మేస్త్రీ, నీ కొడుక్కెలా ఉంది?"

"అలాగే ఉంది."

"ఇంక నాకొదిలెయ్ దాన్ని. గోనెసంచిలో వేసి కాలవలోకి విసిరేస్తా. దాని బాధా తీరుతుంది, మాకూ కంపు తప్పుతుంది."

మేస్త్రీ అతని వంక చూడలేదు. మెట్ల వంక చూశాడు. సూపరింటెండెంటు గారు ఇటు తిరిగేదాకా ఆగాడు.

అప్పుడు తలతో కుమ్మాడు.

పహిల్వాన్ ముక్కు చిట్లి నెత్తురు జివ్వున చిమ్మింది. తేరుకునేలోపు మోకాలితో డొక్కలో ఒకటి, కింద పడ్డాక పాదంతో మూతి మీద ఒకటి. రెండు పళ్ళు రాలి మట్టిలో పడ్డాయి. పహిల్వాన్ కూడా ఊరుకునే రకం కాదు. కాలు పట్టి లాగి, మేస్త్రీ మీదెక్కి, పెదవి రెండు చీలికలయ్యేలా గుద్దాడు. మేస్త్రీ వాడి చెవి కొరికి పట్టుకున్నాడు. ఆ కేకకి షెడ్డులో కోళ్ళన్నీ లేచి గోల చేశాయి.

వార్డర్లు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ విడదీసి లాఠీలకు పనిచెప్పారు. వీపు, తొడలు, భుజాలు, ఎక్కడ దొరికితే అక్కడ. మేస్త్రీ బోర్లా పడుకుని అన్నీ తిన్నాడు. చేతులు రెండూ మాత్రం చంకల్లో దాచుకున్నాడు. సిరంజి పట్టాల్సిన చేతులవి.

ఆఫీసు గదిలో సూపరింటెండెంటు గారు బల్ల మీద గుద్దారు.

"ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేదు కదరా! ఇవాళే పుట్టిందా నీకు పిచ్చి?"

"తప్పయిపోయిందయ్యా."

"నిన్ను ఒంటరి కొట్లో పారెయ్యాలి. పారేస్తే ఆ పిల్ల చస్తుందని ఆగుతున్నా. నీ మంచి నడవడికకి శిక్షలో తగ్గించిన రోజులున్నాయే, అందులో పది రోజులు కోత!"

మేస్త్రీ చీలిన పెదవి మోచేత్తో తుడుచుకున్నాడు.

"పదేనా అయ్యా?"

సూపరింటెండెంటు గారి మొహం కందగడ్డ అయింది.

"వెటకారమా? పదిహేను! పో నా కళ్ళ ముందు నుంచి!"

షెడ్డు దాకా తీసుకొచ్చిన ముసలి వార్డరు దారి పొడుగునా తల బాదుకుంటూనే ఉన్నాడు.

"చేజేతులా చేసుకున్నావు కదరా! కాస్త కోపం ఆపుకోలేకపోయావా?"

"ఆగలేదు, బాబాయ్."

"పోనీ అక్కడన్నా నోరు మూసుకోవచ్చుగా. పదితో పోయేది."

మందు వేళ దాటి అప్పటికే పావుగంటైంది. మేస్త్రీ కుంటుకుంటూ లోపలికెళ్ళి పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒళ్ళంతా పుండైనా చేతులు వణకలేదు. బొట్టు, మరో బొట్టు. పిల్ల ఈసారి గుటక వేసింది. వేసి, వేలు కొరికింది. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా మేస్త్రీ పైకే నవ్వేశాడు.

ఆ పాటికి ఊళ్ళో అతని చెల్లెలు, తెల్లారితే అన్న విడుదలని, కొత్త బట్టలు సంచిలో పెట్టుకుని బస్సెక్కేసింది.