తొమ్మిది తాబేళ్లు

ఎర్రచొక్కావాడి మీద ఆమెకి అనుమానం మూడో తాబేలు దగ్గర మొదలైంది.

నడిసముద్రంలో ట్యూనా పట్టే ఓడల మీద కెమెరాలుంటాయి. అవి తీసిన వీడియోలు చూడటమే ఆమె ఉద్యోగం. ఆ ఓడలు ఏళ్ల తరబడి ఒడ్డు మొహం చూడవు. చేపల్ని మోసుకొచ్చే సరుకు ఓడతోనే డిస్కులూ పంపిస్తారు. అవి ఈ ఆఫీసుకి చేరేసరికి ఆరు నెలలు.

వేల కొక్కేలున్న తాడు పైకి లాగుతుంటే, దేనికి ఏం పడిందో ఆమె రాసుకోవాలి. ట్యూనా అయితే వీడియో గబగబా తిప్పేయొచ్చు. తాబేలు వస్తే మాత్రం ఆపాలి, పెద్దది చేసి చూడాలి, ప్రాణాలతో వదిలారని తేల్చుకోవాలి. ఈ సంగతి ఓడ మీద అందరికీ తెలుసు.

తెలిసి కూడా ఆ ఓడ మీది ఈ ఎర్రచొక్కావాడు చేసే పని చూడండి. తాబేలు రాగానే తనే మోసుకుపోతాడు. కెమెరాకి వీపు తిప్పి చతికిలబడతాడు. జేబులోంచి ఏదో తీస్తాడు. నిమిషం పాటు మోచెయ్యి ఆడుతుంది. తర్వాత దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు నీళ్లలో వదులుతాడు.

వీడి దుంపతెగ, కత్తే అయ్యుంటుంది అనుకుంది. పెంకు చెక్కి అమ్ముకుంటున్నాడా? ఆ కెమెరా ఉన్నది కెప్టెన్ గది కిటికీ మీదే. అంటే కెప్టెన్ కళ్లు కూడా కప్పుతున్నాడు. అసాధ్యుడే.

మర్నాడు టిఫిను దగ్గర కూడా వాడి గొడవే. భర్త నవ్వి, పెళ్లయిన ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశావా అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. నిరుడు ఇలాంటిదే ఒకటి ఆమె కంటబడకుండా జారిపోతే, పై అధికారి అందరి ముందూ కడిగేశాడు. మళ్లీ తప్పితే ఉద్యోగం ఊడుతుంది. నేరం రుజువైతే వాడి పని అయిపోతుంది, జన్మలో ఏ ఓడా ఎక్కనివ్వరు.

పై అధికారి అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అనుమానాలకేమమ్మా, నాకు మా ఆవిడ మీద కూడా ఉన్నాయి. రుజువు పట్రా."

"తెస్తాను సార్. వాణ్ణి వదలను."

ఓడ వెనకవైపు రెండో కెమెరా ఒకటుంది. ఫ్రీజరు గది తలుపు చూడ్డానికి పెట్టింది. ఆ వీడియోలు తెరిచే ఓపిక ఈ ఆఫీసులో ఎవరికీ లేదు. ఆమె తెరిచింది. తొమ్మిది తాబేళ్లు, తొమ్మిది సమయాలు, అన్నీ కాగితం మీద రాసిపెట్టుకుంది. దొరికావురా నాయనా అనుకుంటూ మీట నొక్కింది.

మొదటిసారి వాడి మొహం కనపడింది. బుగ్గలు లోపలికి పోయిన మొహం. సూటిగా కెమెరాలోకే చూస్తున్నాడు, ఎంత ధైర్యమో.

తాబేలుని ఎత్తాడు. ఆమె బొమ్మ ఆపింది. పెద్దది చేసింది. గబగబా రెండోది, మూడోది, అలా తొమ్మిదీ ఆపి చూసింది.

తొమ్మిది తాబేళ్ల తెల్లటి పొట్టల మీదా నల్లటి అక్షరాలతో ఒకటే మాట రాసి ఉంది, 'మమ్మల్ని ఒడ్డుకి చేర్చండి, ఇంకా ఇంతమందిమి బతికున్నాం' అని, అంకె మాత్రం మొదటి తాబేలు మీద పద్నాలుగు, ఆఖరి దాని మీద పదకొండు.