పది శాతం వెసులుబాటు

"గొట్టం పలచనైతే తప్పు ఫ్యాక్టరీది. కాకపోతే అతుకు వేసినవాడిది. ఇవాళ్టితో తేలిపోవాలి," అన్నాడు మేనేజరు.

తనిఖీ గదిలో, కూలిన షెడ్డు నుంచి కోసి తెచ్చిన చదరపు ఇనప గొట్టం ముక్క బల్ల మీద ఉంది. ఆ షెడ్డుకు వెల్డింగ్ చేసినవాడు దాని కిందే పోయాడు. అతను ఈ ఫ్యాక్టరీలో గొట్టాలు తనిఖీ చేసే పెద్దాయనకు అల్లుడు.

మామగారే కొలవడం బాగుండదేమోనని మేనేజరు నసిగాడు. షెడ్డు కట్టించిన కాంట్రాక్టరే ఒప్పుకున్నాడు. పెద్దాయన కొలతకు తిరుగులేదన్నాడు.

కూతురు గుమ్మంలోనే నిలబడింది. మనిషి పోయిన దుఃఖం ఒక ఎత్తు, పనిచేతకానివాడన్న మాట ఒక ఎత్తు.

"నాన్నా, ఆయన వేసిన అతుకు ఎప్పుడైనా విడిందా?"

"లేదమ్మా."

"అయితే కొలువు."

గొట్టం గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. పది శాతం తగ్గినా చెల్లుతుందని నిబంధన. అంటే మూడు పాయింట్ ఆరు. అంతకంటే వెంట్రుకవాసి తగ్గినా అల్లుడి మీద మచ్చ పోతుంది.

పెద్దాయన పెట్టెలోంచి మందం కొలిచే తన మైక్రోమీటరు తీశాడు. దాన్ని ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. దానికి అబద్ధమాడటం నేర్పలేదని నవ్వుతూ చెప్పుకునేవాడు. దాని దవడల మధ్య గొట్టం అంచు పెట్టి మర తిప్పాడు.

మూడు పాయింట్ ఏడు.

పక్క గోడ కొలిచాడు. అంతే. పెయింటు గీకి మళ్లీ కొలిచాడు. అంతే. ఒక గొట్టం తప్పు కావాలని ఆయన కోరుకోవడం ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

"చెల్లుతుంది," అన్నాడు. ఇన్నేళ్లూ అన్న మాటే.

కాంట్రాక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఆపిన లోడు ఎత్తమని కేకేశాడు. అవే గొట్టాలు, ఇంకో కప్పుకు.

"వేరేవాళ్లు చెబితే పోట్లాడేదాన్ని నాన్నా," అంది కూతురు. కొంగు భుజం మీదికి లాక్కుని మెట్లు దిగిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్లారు. లారీ గేటు దాటిన చప్పుడు వినిపించింది.

పెద్దాయన మైక్రోమీటరును గుడ్డతో తుడిచాడు. కొలిచే ముందు ఓసారి ఖాళీగా మూసి, సున్నా చూపిస్తోందో లేదో చూసుకోమని కొత్తవాళ్లను రోజూ గదమాయించేవాడు. తన దాన్ని ఎన్నడూ అలా చూసుకున్న గుర్తు లేదు. ఊరికే మర తిప్పాడు. దవడలు రెండూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

వాటి మధ్య ఏమీ లేదు. గీత మాత్రం పాయింట్ రెండు మీద ఆగింది.