ఎదురుపాట

"ఎవరో పాడారు!"

వేలం వేస్తున్న క్లెమ్ గొంతు అక్కడే ఆగిపోయింది. గొర్రెల కొట్టం ముందు, మంచు పట్టిన గడ్డిలో నిలబడ్డ జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

చెయ్యెత్తింది ఫ్రేయా. ఈ మధ్యే పెళ్ళయింది. ఎత్తిన చేతికి ఎర్రటి ఉన్ని తొడుగు. ఉంగరం అందరికీ కనబడాలని దాన్ని తొడుగు మీద పెట్టుకుంది.

"అమ్మాయ్, ఈగను తోలావా, పాడావా?" క్లెమ్ అడిగాడు.

"పాడానండీ!"

అది బ్యాంకు జప్తు వేలం. పొద్దుటి నుంచి నాగళ్ళు, కత్తెరలు, కంచె తీగ, మంచాలు, అన్నీ అమ్ముడుపోతున్నాయి. ఫ్రేయా కళ్ళు మాత్రం ఒక్క దూలం మీదే. గొడ్డలి గాట్లు అలాగే ఉన్న నల్లటి మోటు దూలం.

ఇంట్లో భర్త లాక్లన్ చలిమంట పొయ్యికి పాత ఇటుకలు పీకేసి, రాతితో కొత్త ముఖం కట్టాడు. రాళ్ళన్నీ ఇద్దరూ కలిసే ఏరారు. ఒక రాయి గుండెకాయలా ఉందని ఆమె, కాదు బంగాళాదుంపలా ఉందని అతను పోట్లాడుకున్నారు కూడా. ఇక ఆ రాళ్ళ నెత్తిన ఇలాంటి దూలం ఒకటి పడితే, తమ ఇంట్లో మొదటి మంట వేసుకోవచ్చు.

ప్రతి వస్తువుకూ ఎగబడిన జనం, దూలం దగ్గరికి వచ్చేసరికి చేతులు జేబుల్లో దోపేసుకున్నారు. చిరుగు స్వెట్టర్ వేసుకున్న ముసలాయన ఒక్కడే పాడాడు. అదీ కారుచౌకగా.

'ఎవరికీ దీని విలువ తెలీదు. నా అదృష్టం!' అనుకుంది ఫ్రేయా.

ముసలాయన పాట పెంచాడు. ఆమె ఇంకా పెంచింది.

"ఏం చేసుకుంటావే దీన్ని?" ఆయన గుర్రుమన్నాడు.

"పొయ్యి మీద పెట్టుకుంటాను. మీరేం చేస్తారు, పొయ్యిలో పెడతారా?"

ఎవరూ నవ్వలేదు.

"హోబార్ట్ పట్నం నుంచి ఊడిపడింది. సిగ్గూ శరం ఉండవు వీళ్ళకి," వెనక నుంచి ఒకావిడ.

"వేలమన్నాక ఎవరైనా పాడొచ్చండీ!"

"పాడొచ్చు తల్లీ. ఈ ఊళ్ళో కాపురమూ చెయ్యొచ్చు. ఎలా చేస్తావో మేమూ చూస్తాం."

క్లెమ్ దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ దగ్గాడు.

"డెస్?" అన్నాడు చివరికి, ముసలాయన వైపు చూస్తూ.

డెస్ జేబులు తడుముకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

సుత్తి పడింది. చప్పట్లు పడలేదు.

ఫ్రేయా మాత్రం గాల్లో తేలుతూ టీ బల్ల దగ్గరికి పరుగెత్తింది. ఇందాక దెప్పినావిడే అక్కడ పోస్తోంది.

"ఒక టీ, రెండు స్కోన్ రొట్టెలు ఇవ్వండి."

"అయిపోయాయి," అంది ఆవిడ, పొగలు కక్కుతున్న టీ డబ్బా ముందు నిలబడి. స్కోన్ల పళ్ళెం మీద గుడ్డ కూడా కప్పేసింది.

దూలాన్ని వ్యానులోకి ఎక్కించాలి.

"అన్నా, కాస్త చెయ్యి వేస్తారా?"

"నడుం నొప్పి."

"మీరు?"

"నాకూ అంతే."

"ఊరందరికీ ఒక్కరోజే పట్టేసిందా నడుం?" ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు దూలం రెండో కొస లేచింది. చూస్తే డెస్.

"ఎత్తు. మాటలతో లేవదది."

ఇద్దరూ కలిసి ఎక్కించారు. ఆయన చెయ్యి దూలం మీద అలాగే ఉండిపోయింది. ఫ్రేయా గభాలున తలుపు మూయబోయింది.

"పాట అయిపోయింది పెద్దాయనా. ఇక ఇది నాది."

"కాదన్నానా? ఊరికే గోడకి కొడితే నిలవదు. దాన్ని మోసే రాళ్ళు రెండున్నాయి, ఆ గుట్ట మీది ఇంట్లో. వచ్చి పట్టుకుపో."

"ఎవరిల్లది?"

"శుక్రవారం దాకా తలుపు తీసే ఉంటుంది."

వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఓడిపోయినవాడు ఊరికే రాళ్ళిస్తానంటే ఏదో కిటుకు ఉండే ఉంటుంది," అన్నాడు లాక్లన్, విన్నాక. అయినా శుక్రవారం ఇద్దరూ వెళ్ళారు. వ్యాను తిప్పి పెడతానని అతను గేటు దగ్గరే ఆగాడు.

గుమ్మంలో టీ బల్ల ఆవిడ చీపురుతో నిలబడి ఉంది.

"మళ్ళీ వచ్చావా? ఇంకా ఏం మిగిలిందని?"

"డెస్ గారు రాళ్ళు తీసుకెళ్ళమన్నారు."

ఆవిడ చీపురు ఆగింది.

"ఆయనా? నీకా?"

"అవునండీ. ఎక్కడున్నారాయన?"

"నిన్నటి ఓడకి మెల్‌బోర్న్ వెళ్ళిపోయాడు, కూతురి దగ్గరికి. ఇక రాడు." ఆవిడ పక్కకు తప్పుకుంది. "పో. నువ్వే చూసుకో."

గది బోసిగా ఉంది. ఎదురుగా రాతి పొయ్యి. దాంట్లో పిల్లి కాదు కదా, బూడిద కూడా లేదు.

పొయ్యి ముందు చిరుగు స్వెట్టర్ మూట ఒకటి. విప్పింది. అంచు కూడా పెచ్చు లేవకుండా గోడలోంచి ఊడదీసిన రెండు రాళ్ళు.

ఫ్రేయా తలెత్తింది. పొగచూరిన గోడ మీద, రాళ్ళు ఊడిన రెండు గుంతల పైన, అడ్డంగా ఒక తెల్లటి చార. సరిగ్గా తన దూలమంత.

జప్తులో పోయిన సొంత పొయ్యి దూలాన్ని తనే తిరిగి పాడుకోవడానికి వచ్చిన డెస్ కోసం ఊరంతా జేబుల్లో చేతులు పెట్టుకుని వదిలేసిన పాట అది. ఎదురు పాడింది తానొక్కతే.